పక్కన కూర్చున్న అవ్వ

ఈ ఉదయం జనగామలో మా వంటింట్లో బీపీ గోలీల షీటు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఇవాళ్టి గోలీ వేసుకున్నానో లేదో గుర్తు లేదు. గ్లాసు తడిగా ఉంది కాబట్టి నీళ్లు తాగిన మాట నిజం. గోలీతో తాగానా, ఊరికే తాగానా అన్నదే తెలియదు. షీటులో ఖాళీ అయినవి చూసి తేల్చుకుందామంటే నిన్నటిదీ మొన్నటిదీ కూడా అనుమానమే. వారాల పేర్లు రాసి ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొనుక్కున్నాను గానీ, ప్రతి ఆదివారం దాన్ని నింపాలని గుర్తుండాలి కదా. ఆ డబ్బాలో ఇప్పుడు నాలుగు గుండీలు, ఏ తాళానిదో తెలియని ఒక చెవి ఉన్నాయి. ఇలా ఆలోచిస్తుండగానే పొయ్యి మీది పాలు పొంగిపోయాయి. పొయ్యి తుడుస్తూ గోలీ సంగతి మళ్లీ మరిచిపోయాను. నేను ఇరవై ఆరేళ్లుగా ఏఎన్ఎంని, అంటే ఊళ్లు తిరిగి పిల్లలకు టీకాలు వేసి, గర్భిణులనూ బాలింతలనూ చూసుకునే నర్సుని. గోలీలు వేళకు వేసుకోవాలని రోజూ పదిమందికి చెప్పేది నేనే.

నా ఈ అవస్థకు ఒక పేరుందని నిరుడే తెలిసింది. బీపీ ఎంతకీ దారికి రాకపోవడంతో హనుమకొండలో చూపించుకున్నాను. అక్కడి డాక్టరు, మందులు సగం రోజులు తప్పిపోతున్నాయని పసిగట్టి నన్ను మనసు డాక్టరు దగ్గరికి పంపాడు. ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లయినా చిన్నది. నా బడి రోజుల నుంచి మొదలుపెట్టి గంటసేపు ఓపిగ్గా అడిగింది. బడిలో నా పలకలు ఎన్ని పోయాయో, చర్చిలో ప్రార్థన జరుగుతుంటే నా కళ్లు ఎటు పోయేవో అన్నీ చెప్పాను. మా పాస్టరు ప్రార్థన చాలా పొడుగు. అందరూ కళ్లు మూసుకుంటే నేను కిటికీ చువ్వలు లెక్కపెట్టి, ముందు వరుసలో ఎవరి కొంగు చిరిగిందో చూసి, బయట కుక్క ఎటు పోతున్నదో కనిపెట్టి, 'ఆమేన్' అనే వేళకు తిరిగి వచ్చేదాన్ని. మా అమ్మ ఓరకంట ఇదంతా చూసి, "నా బిడ్డ మనసు ఒక్కతాన నిలువనియ్యి దేవా" అని నాకు వినబడేలాగే ప్రార్థించేది. అంతా విని ఆ డాక్టరమ్మ ఏడీహెచ్‌డీ, అంటే మనసు ఒకచోట నిలవని అవస్థ, అంది. చిన్ననాటి నుంచీ ఉండి ఉంటుందనీ, గెంతులు వేయని ఆడపిల్లల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరనీ చెప్పింది. బీపీ ఉంది కనుక ఆలోచించి తక్కువ మోతాదులో ఒక గోలీ రాసింది. మరిచిపోయే జబ్బుకు మరిచిపోకుండా వేసుకోవలసిన గోలీ.

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, షిఫ్టు సైరను లేకపోయినా షిఫ్టు వేళకే లేస్తాడు. నేను చెప్పిందంతా విని, "గీ ముచ్చట పెండ్లప్పుడే తెలిస్తే గిన్ని లొల్లులు ఎందుకయ్యేటియి" అన్నాడు. యాభై ఒకటో ఏట ఇలాంటి కబురు వింటే సంతోషపడాలో ఏడవాలో తోచలేదు. మరొకరికి చెప్పులు వేసుకున్నంత తేలిగ్గా అయ్యే పనికి నాకు బరువెత్తినంత శ్రమ. గ్యాసు బండ బుక్ చేయడం, కరెంటు బిల్లు, ఆఫీసు ట్యాబ్‌లో నమోదులు, నా మందులు, అన్నీ అంతే. రాత్రికి ఒళ్లు కాదు, తల అలిసిపోతుంది. ఇదంతా బద్ధకమని నేనే నమ్మి నన్ను నేను తిట్టుకున్న ఏళ్లు ఎన్నో.

ఆ రోజు డాక్టరమ్మ చివరగా ఒక ప్రశ్న అడిగింది. "ఇన్నేండ్లు ఉద్యోగం ఎట్ల నెట్టుకొచ్చిన్రమ్మా? ఎవరన్న సాయం ఉన్నరా?" అంది. ఎవరూ లేరన్నాను. తిరుగు బస్సు రఘునాథపల్లి దాటాక గుర్తొచ్చింది, అబద్ధం చెప్పానని.

నా మొదటి కొలువు గంగారం దగ్గర అడవి అంచున ఒక ఊళ్లో. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. అప్పట్లో జనగామ, భూపాలపల్లి, అది, అన్నీ ఒకే జిల్లా కనుక బదిలీ అంటే ఒకే ఇంట్లో ఈ అర్ర నుంచి ఆ అర్రకు పోయినట్టు చెప్పేవాళ్లు. పోతే తెలిసేది, ఎన్ని బస్సులు మారాలో. మా ఆరోగ్య ఉపకేంద్రం అంటే రెండు గదుల పెంకుటిల్లు. అందులో ఒక బల్ల, ఒక బీరువా, ఒక త్రాసు, రిజిస్టర్లు. గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, జననాలది, మరణాలది, జ్వరాలది, వాటన్నిటి లెక్క కలిపి రాసే ఇంకో రిజిస్టరు. ఊళ్లో తిరిగే పని నాకు పండగలాంటిది. కాన్పు కష్టమైందంటే ఎదురుగా ఉన్నదొక్కటే కనబడేది. రిజిస్టరు ముందు కూర్చుంటే మాత్రం వేయి కనబడేవి. పెన్ను తీయగానే త్రాసు మీద దుమ్ము కనిపించేది, తుడవడానికి లేస్తే బయట గడ్డి, గడ్డి పీకుతుంటే ఎవరో పలకరింపు. సాయంత్రానికి గది అద్దంలా మెరిసేది, రిజిస్టరు ఖాళీ. నెలాఖరు మీటింగులో సూపర్‌వైజరమ్మ నా పేజీలు తిప్పి, "నువ్వు పని చేస్తలేవా, రాస్తలేవా?" అని అడిగేది. రెండోది అని చెప్పినా ఎవరు నమ్ముతారు.

అక్కడ ఊడ్చి, నీళ్లు పట్టి, సూదులు ఉడకబెట్టడానికి ఒక ముసలమ్మ ఉండేది. అందరూ అవ్వ అనేవాళ్లు, నేనూ అవ్వ అన్నాను. భర్త పోయాడు, కొడుకు వ్యవసాయం, ఒక కోడలు. సన్నటి మనిషి, నడిస్తే మాత్రం నేను వెంట పరుగెత్తాలి. అక్షరం ముక్క రాదు. నెల రోజులు నన్నూ నా గడ్డి పీకుళ్లనూ చూసి, ఒక మధ్యాహ్నం గంపెడు చింతపండు తెచ్చుకుని బల్ల పక్కన నేల మీద చతికిలబడింది. "నువ్వు రాసుకో బిడ్డా. నేను గీడనే కూసుంట" అంది. అంతే. ఏం రాస్తున్నావని అడగలేదు, తొందర పెట్టలేదు. చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. నేను లేవబోతే తలెత్తి చూసేది, నేను కూర్చునేదాన్ని. ఆ సాయంత్రం మూడు వారాల బాకీ రిజిస్టరంతా రాసేశాను. గింజల చప్పుడు ఆగినప్పుడే నాకు మెలకువ వచ్చినట్టయింది. ఆనాటి నుంచి మంగళవారం, శుక్రవారం ఆమె ఏదో ఒక పని తెచ్చుకుని కూర్చునేది. ఒకరోజు గోంగూర, ఒకరోజు పల్లికాయలు, ఏమీ లేనినాడు తన కాలి పగుళ్లు చూసుకుంటూ. పక్కన ఒక మనిషి ఊరికే ఉంటే పని సాగుతుందనీ, ఇప్పుడు డాక్టర్లు కూడా ఆ ఉపాయం చెబుతున్నారనీ నిరుడే విన్నాను. అవ్వకు ఎవరు చెప్పారో.

ఒక బుధవారం, టీకాల రోజు. మా మండల దవాఖానలో ఫ్రిజ్ చెడిపోయిందని టీకా మందు గూడూరు నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఐసు ముక్కల మధ్య మందు పెట్టిన డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకుని బస్సెక్కాను. దారిలో ఒక ఊరి దగ్గర బస్సు ఆగితే, రోడ్డు పక్కన ఒక గర్భిణి కనబడింది. కాళ్లవాపులతో ఉన్న మనిషి, రెండు నెలలుగా పరీక్షకు రాకుండా తప్పించుకు తిరుగుతోంది. ఆమెను చూడగానే నాకు మరేదీ గుర్తు లేదు. దిగి, చేయి పట్టుకుని, కాళ్లు నొక్కి చూసి, రేపు తప్పకుండా రమ్మని ఒట్టు వేయించుకున్నాను. తిరిగి చూస్తే బస్సు లేదు. బస్సులో డబ్బా ఉంది.

ఉపకేంద్రం చేరేసరికి పదకొండు మంది తల్లులు పిల్లలను ఒడిలో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నారు. కూలి మానుకుని వచ్చినవాళ్లు. అవ్వ వాళ్లకు నీళ్లు ఇచ్చి కూర్చోబెట్టింది. బస్సు చివరి ఊరు దాకా పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. కండక్టరు పాపం మంచివాడే, డబ్బా ఎవరిదో పోతుందని డ్రైవరు పక్కన ఇంజను మూత మీద భద్రంగా పెట్టాడు. మూత తీస్తే ఐసు గోరువెచ్చటి నీళ్లయింది. ఆ మందు పారబోయడం తప్ప దారి లేదు. తల్లులకు నేనే చెప్పాను, నా తప్పేనని. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. దూరపు తండా నుంచి వచ్చిన ఒక పచ్చి బాలింత మాత్రం పిల్లను బట్టలో చుట్టుకుంటూ, "సూది డబ్బనే మర్సిపోయే సిస్టరమ్మ నా పిల్లను మర్సిపోదా" అంది. నాతో కాదు, పక్కామెతో. ఎండలో వెళ్లిపోయారు.

మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది. అది చూశాక నాకు ఒకటే తోచింది, ఈ కొలువు నాకు తగదు. ఈసారి పారబోసింది మందే, ఇంకోసారి ప్రాణమైతే? శుక్రవారం బల్ల ముందు కూర్చుని తెల్ల కాగితం తీశాను. అవ్వ అలవాటు ప్రకారం ఒళ్లో చాట పెట్టుకుని కూర్చోబోతూ, నా ముఖం చూసింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?" అంది. అన్నేళ్లలో ఆమె ఆ ప్రశ్న అడిగింది అప్పుడొక్కసారే.

"కొలువు ఇడిసిపెడుతున్న అని రాస్తున్న అవ్వా. నాతోని కాదు."

ఆమె నెమ్మదిగా లేచింది. "గది రాయనీకి నేను కూసోను" అని చాట చంకన పెట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

నేను పట్టుదలగా రాయబోయాను. 'గౌరవనీయులైన వైద్యాధికారి గారికి' అని రాశాను. తర్వాత ఒక వాక్యం, సగం. గది నిశ్శబ్దంగా ఉంది. బీరువా తలుపు సరిగా పడలేదని లేచాను. దూది డబ్బాలో దూది అయిపోవచ్చిందని చూశాను. నీళ్లు తాగాను. గంట తర్వాత వచ్చి చూసుకుంటే కాగితం మీద అదే సగం వాక్యం ఉంది. ఈలోగా ఎవరో జ్వరమని వస్తే, చేతికి అందిన ఆ కాగితం వెనుకే వాళ్ల పేరు, వయసు రాసేశాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. రాజీనామా చేయడానికి కూడా కుదురు కావాలి, అది నాకు లేకపోయింది. అందుకే ఇన్నేళ్లు ఉద్యోగంలో మిగిలాను.

పొద్దు వాలుతుండగా అవ్వ వచ్చి, "రేపు మందు తెచ్చుకో. డబ్బ నేను పట్టుకుంట. గా పదకొండిండ్లకు మనమే పోదాం" అంది. సంజాయిషీ రాయడానికి మాత్రం పక్కన కూర్చుంది. జరిగింది జరిగినట్టు రాశాను. వైద్యాధికారి చదివి, కోప్పడి, వదిలేశాడు. శనివారం ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. డబ్బా పట్టీ అవ్వ మెడలోనే ఉంది. పదిమందికి వేశాం. తండాలో ఆ బాలింత తలుపు తీయలేదు. తర్వాతి వారం మళ్లీ వెళ్తే చేను పనికి పోయిందన్నారు. మూడోసారి వెళ్లినప్పుడు పిల్లను తనే వాకిట్లోకి తెచ్చి మంచం మీద కూర్చుంది. టీకా వేశాను, పిల్ల ఏడ్చింది, ఆమె సముదాయించింది. వచ్చే నెల తేదీ చెప్పి, మరిచిపోవద్దన్నాను. "నువ్వు మర్సిపోయినా అవ్వ మర్సిపోదు తియ్యి" అంది. ముఖంలో నవ్వు లేదు గానీ, మాటలో కొంచెం ఉంది.

ఆరేళ్ల తర్వాత పెళ్లయి, బదిలీ మీద భూపాలపల్లి వెళ్లాను. బస్సెక్కేటప్పుడు అవ్వ నా సంచులు రెండుసార్లు లెక్కపెట్టింది. అక్కడ పక్కన కూర్చునేవాళ్లు లేరు. ఆఫీసులో అందరికీ ఎవరి పని వాళ్లకుంది, ఇంట్లో ఆయనకు షిఫ్టులు. గోడకు చీటీలు అంటించాను. కొన్నాళ్లకు చీటీలు గోడ రంగులో కలిసిపోయి కనబడటం మానేశాయి. ఫోన్లో అలారాలు పెట్టుకున్నాను. మోగగానే ఆపి, ఎందుకు మోగిందో ఆలోచించేదాన్ని. మెమోలు వచ్చాయి, జీతం పెంపు ఒకసారి ఆగింది, ఎలాగో నడిచింది. నడవడమంటే అంతే, ఒక రోజు తర్వాత ఒక రోజు.

అయిదారేళ్ల కిందట గంగారం నుంచి ఆశ కార్యకర్త ఫోన్ చేసింది. "అవ్వకు పానం బాగలేదు మేడం. నిన్ను యాది చేస్తున్నది" అంది. ఆదివారం వస్తానన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. నాకు రోజులు రెండే రకాలు, ఇవాళ, ఇవాళ కానిది. ఇవాళ కానిదంతా ఒకే దూరంలో ఉంటుంది, రేపైనా వచ్చే ఏడాదైనా. ఆ ఆదివారం ఏదో అడ్డం వచ్చింది. తర్వాతి ఆదివారం వచ్చిందని సోమవారం తెలిసింది. మూడో వారం బుధవారం బస్సులో ఒక తల్లి ఒడిలో పిల్లను చూసి ఉన్నట్టుండి గుర్తొచ్చింది. సెలవు కూడా పెట్టకుండా అటునుంచి అటే బస్సులు మారి వెళ్లాను.

ఆమె పోయి తొమ్మిది రోజులైంది. కోడలు నన్ను గుర్తుపట్టి, పీట వేసి, నీళ్లిచ్చింది. నిందించలేదు. దండెం మీద అవ్వ చీర ఒకటి ఉతికి ఆరేసి ఉంది. "పోయే రెండొద్దుల ముందట దాక దర్వాజ దిక్కే సూసింది. ఆమె రాదు తియ్యి అత్తమ్మా అని నేనన్న" అంది. దానికి అవ్వ అన్న మాట కూడా చెప్పింది. "వస్తది, మా సిస్టరమ్మకు జర ఆల్శమైతది గంతే, అన్నది."

నేను ఆ పీట మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. లేవాలనిపించలేదు, మనసు ఎటూ పోలేదు. కాలం ఎవరి కోసమూ ఆగదని అంటారు. ఆగదు, నిజమే. మన కోసం ఆగేది మనుషులే, వాళ్లు కూడా ఎంతకాలమని ఆగుతారు.