కిరాయి ఇంట్లో చావకూడదు

మా నాన్న ప్రభుత్వాసుపత్రిలో చనిపోయాడు. కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, మమ్మల్ని గుర్తుపట్టకుండానే పోయాడు. ఆ మాట ఫోన్లో చెప్పగానే మా ఇంటి ఓనరు అన్న మొదటి మాట, "ఇంటికైతే తీస్కరాకుర్రి."

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా సికింద్రాబాదులో చాలామంది ఓనర్లు కిరాయికున్న మనిషి చనిపోతే శవాన్ని గేటు దాటనివ్వరు. ఇంటివాళ్లని కూడా పదకొండో రోజు దినం అయ్యేదాకా గడప తొక్కనివ్వరు. మైలట. కిరాయి చేతిలో పడేటప్పుడు లేని మైల మనిషి పోగానే ఎక్కడి నుంచి ఊడిపడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నాన్నకి సందు చివర కరెంటు స్తంభం పక్కన నీళ్లు పోశారు. దారినపోయే బండ్లు ఆగి చూసి వెళ్లాయి.

నాన్న గోడలకు రంగులు వేసేవాడు. పని బాగా తెలిసినవాడు, తాగకుండా పనికి పోనివాడు. రాంగోపాల్‌పేట్‌లో రెండు గదుల వాటాలో మొదలైన మా కాపురం ఆయన తాగుడుతో దిగుతూ దిగుతూ బన్సీలాల్‌పేట్‌లో ఒక్క రేకుల గదికి చేరింది. గ్యాస్ సిలిండర్ పోయింది, అమ్మ పుస్తెలు పోయాయి. పోనిది నా బడి ఒక్కటే. పదో తరగతిలో మంచి మార్కులు వస్తే సర్కారు గురుకుల కాలేజీలో సీటు వస్తుందనీ, చదువుతో పాటు తిండీ పడకా వాళ్లే చూస్తారనీ మా టీచరమ్మ చెప్పింది. అమ్మ చెవిలో ఆ పడక అన్న మాట గట్టిగా పడింది.

సరిగ్గా ఆ పరీక్షల నడుమ నాన్న పోయాడు. మూడో రోజు పొద్దున పిట్టకు పెట్టాలి. అదే పొద్దున నాకు లెక్కల పరీక్ష. హాల్‌టికెట్ ఏమో గదిలో ఉంది. గది తలుపుకి మా తాళం మీద ఓనరు తన తాళం వేసుకున్నాడు.

పిట్టకు పెట్టడమంటే చనిపోయినవాళ్లకి ఇష్టమైనవి వండి శ్మశానంలో విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూడటం. ముట్టకపోతే పోయినవాళ్లకి ఏదో కోరిక మిగిలిందని అర్థం. అందాకా ఇంటివాళ్లు కదలకూడదు. ఆ పొద్దున అన్నం పెట్టాం, మాంసం కూర పెట్టాం. కాకులు గోడ మీదే కూర్చున్నాయి. ఎండ ఎక్కుతోంది.

మా చిన్నాయన, అంటే నాన్న తమ్ముడు, జేబులోంచి క్వార్టర్ సీసా తీశాడు. "మా అన్నకు మందు లేంది ముద్ద దిగకపోయేది. జెర పోస్తే ముడుతడు" అన్నాడు.

రెండు రోజులుగా ఈయన ఇంట్లోనే ఉంటూ నా హాల్‌టికెట్ తెచ్చి పెట్టమని కాళ్లావేళ్లా పడ్డాను. ఓనరు దగ్గరికి వెళ్లి ఒక్క మాట అడగడానికి ఈయనకు తీరిక చిక్కలేదు. మందు సీసాకి మాత్రం చిక్కింది! నాకు పరీక్ష ఉందని మళ్లీ చెప్పాను. "ఆడపిల్లవు, వచ్చే ఏడు రాస్కో. ఏమైతది?" అన్నాడు. అప్పుడు నాకొచ్చిన కోపం ఇది రాస్తున్నప్పుడు కూడా తగ్గలేదు.

అమ్మ లేచింది. సీసా లాక్కుని, మూత తీసి, మొత్తం మట్టిలో వంపేసింది.

"బతికినన్ని దినాలు పోసినం. సచ్చినంక సుత పొయ్యాల్నా? ముడితే ముట్టనియ్, లేకుంటే లేదు. నా బిడ్డ పరీక్షకు పోవాలె" అని నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వెనక నుంచి చిన్నాయన వదినా వదినా అని అరుస్తున్నా తిరిగి చూడలేదు.

ఓనరు గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. నుదుట బొట్టు, చేతిలో పూజకు కోసిన పూలు.

"ఏందమ్మా గిట్లొచ్చినవ్? మైల పోలేదు."

"మైల నాకు సారూ. పిల్ల హాల్‌టికెట్‌కు ఏం మైల? మీరే తీసియ్యుండ్రి."

"మీ సామాను నేను ముడితే నాకు మైల కాదా?"

అమ్మ ఇక బతిమాలలేదు. ఆయన్ని తోసుకుని లోపలికి వెళ్లింది. బట్టలుతికే బండ దగ్గరున్న రాయి ఎత్తి రెండు తాళాలూ పగలగొట్టింది. నేను హాల్‌టికెట్, పెన్నూ, స్కేలూ తీసుకుని సెంటర్‌కి ఒకటే పరుగు. ఒంటి మీద శ్మశానానికి వెళ్లిన బట్టలే. గేటు మూస్తుండగా లోపల పడ్డాను. లెక్కలన్నీ చేశాను. కోపంగా చేసినా ఒక్కటీ తప్పు పోలేదు.

తిరిగి వచ్చేసరికి మా సామానంతా రోడ్డు మీద ఉంది. బియ్యం డబ్బా బోర్లాపడి ఉంది. ఓనరు గడపకి పసుపునీళ్లు కొడుతున్నాడు. ఆ సందులో ఒక్కరూ ఇదేం పని అనలేదు.

అమ్మ బోయిన్‌పల్లి మార్కెట్ షెడ్డులో ఉల్లిగడ్డలు ఏరేది. ఆ షెడ్డులోనే బస్తాల పక్కన పడుకున్నాం. మిగతా పరీక్షలకు అక్కడే చదివాను. సీటు వచ్చింది. నాకు కప్పు దొరికింది, అమ్మకు కాదు. నేను డిగ్రీ, బీఈడీ పూర్తిచేసి ఉద్యోగంలో చేరేదాకా ఆమె ఆ షెడ్డులోనే ఉంది. చదువు మమ్మల్ని నిలబెట్టిందని సంతోషించేవాళ్లు ఈ ముక్క కూడా వినాలి.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది. నేను పిల్లలకు లెక్కలు చెబుతాను. తాగుడు మానండని ఎక్కడ సభ పెట్టినా నన్ను పిలుస్తారు. మీ నాన్న తాగుడు మిమ్మల్ని రోడ్డు మీద ఎలా పడేసిందో చెప్పండి మేడమ్ అంటారు. తాగుడు మా ఇంటికి చేసినదంతా ఒక్కటీ దాచకుండా చెబుతాను. తర్వాత, మా బియ్యం డబ్బా రోడ్డు మీదికి విసిరిన మనిషి జన్మలో మందు చుక్క ముట్టలేదని కూడా చెబుతాను. అక్కడ మాత్రం ఎవరూ చప్పట్లు కొట్టరు.