దించుండ్రి ఆశన్న

బాన్సువాడలో గ్యాసుబత్తులు కిరాయికిచ్చే ఆశన్నకు ఒక్కటే చాదస్తం. ఊరేగింపులో బత్తి చక్కగా వెలుగుతుంటే అతను చూడలేడు. నాలుగడుగులు పడ్డాయో లేదో చెయ్యెత్తి "దించుండ్రి!" అని కేక పెడతాడు. అంతే, సన్నాయి ఆగాలి, డప్పు ఆగాలి, గుర్రమ్మీది పెళ్లికొడుకు ఆగాలి. ఆడవాళ్లు తలల మీది బత్తులు నేలకు దించాలి. ఆశన్న ఒక్కోదాని ముందు గొంతుక్కూర్చుని, పిన్ను తిప్పి, పంపు కొట్టి, లోపల వెలిగే జాలీసంచి మ్యాంటిల్‌ని ఒంటికన్నుతో చూసి, పెదవి విరిచి పక్కదాని దగ్గరికి జరుగుతాడు.

"ఇప్పుడేమైంది దానికి?" అని ఎవరైనా అడిగారో, పాఠం మొదలు.

"గ్యాస్‌నూనె ఉత్తగనే మండదన్నా. ముందు గిన్నెల ఇస్పిరిట్ పోసి గొట్టం కాగబెట్టాలె. కింద టాంకిల గాలి కొడితె నూనె మీదికి ఎక్కుతది. కాగిన గొట్టంల ఆవిరైతది. ఆ ఆవిరి సూది బెజ్జంల నుంచి ఎగజిమ్మి మ్యాంటిల్ల మండుతది. నడుమ ఒక్క నలుసు పడ్డదా, ఇగ పెండ్లి చీకట్లనే."

కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలం కొనుక్కున్న సాంబమూర్తి గారు కూతురి పెళ్లికి ఆశన్న బత్తులే మాట్లాడారు. విడిది నుంచి ఇంటికి చేరేలోపు అల్లుడు గుర్రం మీదే కునుకు తీశాడు.

"ఏవయ్యా, నేను మాట్లాడింది దీపాలనా, బాలింతలనా? అడుగడుక్కీ దింపుతావేంటి?" అన్నారాయన.

"అయ్యా, మీకు వెలుగు గావాల్నా, జల్ది గావాల్నా?"

"రెండూ కావాలయ్యా!"

"రెండు గావాల్నంటె పొద్దుగాల చేసుకోండ్రి పెండ్లి."

ఆశన్నంటే అందరికంటే ఎక్కువ మండేది బత్తులు మోసే పోసవ్వకు. దొర గడిలో ఏ శుభం జరిగినా బత్తి మొయ్యడానికి ఇంటికో తల పంపాలి. వెట్టి. కూలి అడిగే పని లేదు, అడిగిన నోరు మళ్లీ మామూలుగా ఉండదు. చుట్టబట్ట మీద బత్తి, దాని సెగ మాడు మీద, కారిన నూనె మెడ మీద. గ్యాసుబత్తి వెలుగులో దొరసానుల నగలు మెరుస్తాయి, గుర్రం జీను మెరుస్తుంది. టాంకీ నీడ మాత్రం సూటిగా కిందికే పడుతుంది గనక మోసే మనిషి మొహం ఎవరికీ కనపడదు. ఎప్పుడు ఇల్లు చేరతామా అని చూసే పోసవ్వకు ఈ ఆగుడు ఒళ్లు మండించేది.

"నీ బత్తులు పాడుగాను ఆశన్నా! గిట్ల దించుకుంట ఎత్తుకుంట పోతె పెండ్లికి గాదు, పుట్టబోయేటోని పుట్టెంటికలకు అందుకుంటం."

"వాషర్ ఎండిందక్కా."

"నీ మొకం ఎండ!"

ఆ ఏడు దొర కొడుకు పెళ్లి. పొద్దుగూకే వేళ బయలుదేరి బీర్కూర్ దాకా బారాత్. పోసవ్వ ఇంటి నుంచి ఈసారి రెండు తలలు కావాలన్నాడు దొర మనిషి దేవిదాస్. రెండో తల కోడలు భూమవ్వది. భూమవ్వకు నెలలు నిండొస్తున్నాయి. నిరుడు గడి వడ్లు దంచుతూ దంచుతూనే ఒక కడుపు పోయింది.

"బాంచన్, దాన్ని వదిలెయ్యుండ్రి. రెండు బత్తులు నేనే మోస్త" అని కాళ్లు పట్టుకుంది పోసవ్వ.

"నీకు తలకాయలు రెండున్నయా?" అన్నాడు దేవిదాస్. పక్కనున్నవాళ్లు నవ్వారు. అతను ఆశన్న వైపు తిరిగాడు. "నీకు గూడ చెప్తున్న. దొర హుకుం. దించుండ్రి అని ఒక్కమాట వచ్చిందో, నీ బత్తులు గడిల ఉంటయి, నువ్వు పసుల కొట్టంల ఉంటవు."

బారాత్ కదిలింది. ఆశన్న నోరు మూసుకుని నడుస్తున్నాడు. ఊరు దాటింది, వరిపొలాలు వచ్చాయి, చెరుకుతోటలు వచ్చాయి. అతను నోరు మెదపలేదు. జన్మలో మొదటిసారి పోసవ్వ ఆ పాడుమాట కోసం చెవులు రిక్కించింది.

"అత్తా, కడుపు రాయైతుంది" అంది భూమవ్వ.

పోసవ్వ ఆశన్న పక్కకు జరిగింది. "ఓ ఆశన్నా, ఒక్కసారి అనరాదురా."

"నా నోరు కట్టేసిన్రక్కా."

నోరే కట్టేశారు, చేతులు కాదు. ఆశన్న భూమవ్వ బత్తిని సరిచేస్తున్నట్టు చెయ్యి పైకి పెట్టి, టాంకీకున్న చిన్న మర తిప్పాడు. స్‌స్‌స్‌స్... నాగుపాము బుసకొట్టినట్టు చప్పుడు. దేవిదాస్ ఎగిరి పక్క మడిలో పడ్డాడు.

"ఏందిరా ఆ సప్పుడు?" మేనాలోంచి దొర అరిచాడు.

ఆశన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పురా!"

"నోరు తెరవద్దని హుకుం దొరా."

"తెరువురా లంగా!"

"బాంచన్, టాంకి బుసకొడుతుంది."

"దించుండ్రి! దించుండ్రి!" అని గొంతు చించుకున్నది సాక్షాత్తూ దొరే. హుకుం హుకుమే గనక బత్తులతోబాటు బోయీలు మేనా కూడా దభీమని దించేశారు.

బత్తులన్నీ వెనక వచ్చే ఖాళీ బండికి ఎక్కించమన్నాడు దొర, ఒక్కటి కూడా తన దగ్గరికి రావద్దన్నాడు.

ఆశన్న తల గోక్కున్నాడు. "బండిల బత్తుల దగ్గర ఒక మనిషి కూసోవాలె దొరా. పానం పోయినా గడికి ఫికర్ లేని మనిషి."

దొర ఒక్కక్షణం కూడా వెతుక్కోలేదు. "ఆ కడుపుతోనున్నదాన్ని కూసోబెట్టు. ఎట్లాగూ మొయ్యస్తలేదు దానికి."

భూమవ్వ బండెక్కింది. పెళ్లివారు వెలుగుకు భయపడి ముందు చీకట్లో తడుముకుంటూ, చీకటిని తిట్టుకుంటూ, చెప్పులు జారవిడుచుకుంటూ నడిచారు. వెట్టివాళ్లు వెనక పట్టపగల్లాంటి వెలుగులో ఉత్తచేతులతో నడిచారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

తరువాత గడికి ఆశన్న బత్తులు మళ్లీ పోలేదు. దొర నిజామాబాద్ నుంచి కొత్త బత్తులు తెప్పించాడు. అవి ఎక్కడా ఆగవని అందరూ మెచ్చుకున్నారు. మోసినవాళ్ల మెడల సంగతి ఎవరూ అడగలేదు. భూమవ్వకు మాత్రం ఆ నెలలోనే ఆడపిల్ల పుట్టి, ఊరంతా వినపడేలా ఏడ్చింది.

కానీ అవన్నీ తరువాతి సంగతులు. ఆ రాత్రి బండి పక్కన నడుస్తున్న పోసవ్వకు గుండె అరచేతిలో ఉంది.

"నా కోడల్ని తీస్కపోయి మందుగుండు మీద కూసోబెడ్తివి గదరా!"

"గది గాలి తీసే మరక్కా. బుసకొట్టిందంటె లోపలి జోరు బయటికి పోతుందని. ఇప్పుడది ఉత్త డబ్బ."

పోసవ్వ బండిలోని బత్తుల వైపు చూసింది. ఏ పెళ్లిలో తన మెడ వాలినప్పుడు ఏ వాషర్ ఎండిందో, తనతోపాటు మోసే గంగుబాయి కాళ్లు తడబడినప్పుడు ఏ బెజ్జంలో నలుసు పడిందో ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. అయినా ఆమె మనసు ఊరుకోలేదు.

"ఇంతకు... నిజంగ పేలదు గదా?"

ఆశన్నకు కోపమొచ్చింది. "ఏం మాటక్కా? పేలేటిదైతె నీ కోడలి ఒళ్లె పెడ్తనా? దొర మేనాల పెడుదు."