ఇనుప డబ్బాలో తడి

మా నాయన పులివెందులలో పురోహితుడు. దయ్యం పట్టింది, శాంతి చేయమని ఎవరైనా వస్తే, ముందు మనిషికి కడుపు నిండా తిండి పెట్టి రెండు రోజులు నిద్రపోనివ్వండని చెప్పి పంపేసేవాడు. ఇంటికొచ్చిన బేరం చెడగొట్టుకున్నాడని అమ్మ సణిగేది. అటువంటి ఇంట్లో పెరిగినవాణ్ణి. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళను జీవితమంతా ఎగతాళి చేశాను, ఇప్పుడూ చేస్తాను. కాబట్టి ఇది చదివి మీరు నన్ను ఎగతాళి చేసినా ఏమీ అనుకోను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నాకు జమ్మలమడుగు అవతల, ముద్దనూరు దారిలో, విత్తనాల గిడ్డంగి గుమాస్తాగా ఉద్యోగం దొరికింది. గిడ్డంగి అంటే భవనం కాదు. యుద్ధం ముగిశాక పనికిరాదని పక్కన పడేసిన గూడ్సు బండి డబ్బా. చక్రాలు ఊడదీసి నాపరాళ్ళ మీద కూర్చోబెట్టారు. నాలుగు పక్కలా, పైనా, కిందా అంతా ఇనుమే. దాని పక్కన నాకొక రేకుల గది.

చుట్టుపక్కల మైలు దూరంలో ఇల్లు లేదు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. అప్పటికి అమ్మా నాయనా పోయారు. పెళ్ళి కాలేదు. మాట్లాడేవాళ్ళు లేక ఒక్కోరోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

నాకు ముందున్న గుమాస్తా ఎలుకల భయంతో డబ్బాకున్న గాలి రంధ్రాలన్నింటికీ రేకులు కొట్టించి పోయాడు. నేను పట్టించుకోలేదు. పుష్యమాసంలో వేరుశనగ విత్తనాల మూటలు నింపి తాళం వేశాను. పగలు ఇనుము కాలి కాయల్లో తడి ఆవిరవుతుంది. తెల్లారేసరికి ఇనుము చల్లబడి ఆ ఆవిరి కప్పుకు పట్టుకుంటుంది, బొట్లు బొట్లుగా మళ్ళీ మూటల మీదే రాలుతుంది. వేడి అన్నం మీద మూత పెడితే జరిగేదే ఇది. ఇంత చిన్న సంగతి నాకు తెలిసేసరికి ఒక రైతు పంట పోయింది.

అతను తొండూరు ఓబులేసు. మా విత్తనం తీసుకుపోయి ఐదెకరాల్లో వేస్తే ఎకరా కూడా మొలవలేదు. వచ్చి గిడ్డంగి ముందు కూర్చున్నాడు. తిడతాడని నిలబడ్డాను. తిట్టలేదు.

"ఈ యేడు పోయింది సామీ. వచ్చే యేడు గూడా మొలవకపోతే ఊరిడ్సి పోవాల్సిందే. యాడికి పోవాల్నో గూడా తెలీదు" అన్నాడు.

నీళ్ళు ఇమ్మంటే ఇచ్చాను. తాగి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని ఆ వారమంతా అనుకున్నాను.

తడి విత్తనాల్లోంచే వస్తున్నదా, నేలలోంచి కూడానా అని తేల్చుకోవాలనిపించింది. ఆషాఢంలో డబ్బా ఖాళీ అయింది. మూడు రోజులు తలుపులు బార్లా తెరిచి ఎండబెట్టి, లోపల ఒక తొట్టి నిండా కాల్చిన సున్నపు రాళ్ళు పెట్టాను. అవి తడిని పీల్చుకుని పిండిలా రాలిపోతాయి. తలుపు సందుల మీద బంకతో కాగితాలు అతికించాను. అదే బట్టీలో కాల్చిన రాళ్ళు కొన్ని, పోల్చి చూడడానికి, నా గదిలో కూడా పెట్టుకున్నాను.

పదోనాడు పొద్దున్నే కాగితాలు చించి లోపలికి వెళ్ళాను. నా గదిలో రాళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి. డబ్బాలో రాళ్ళు పిండి అయిపోయాయి. కప్పు పొడిగా ఉంది, నేల పొడిగా ఉంది. దక్షిణపు మూల గోడ మీద మాత్రం పళ్ళెమంత మేర తడి. కూర్చున్న మనిషి ముఖం ఎత్తులో ఉంది.

కప్పుకు చిల్లి ఉందేమోనని మర్నాడు తెల్లారగానే లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఎక్కడా వెలుతురు చుక్క కనిపించలేదు. అరగంట ఉత్తరపు గోడకు ముఖం పెట్టి కూర్చుని, తలుపు తీసి చూశాను. నేను కూర్చున్నచోట కూడా పళ్ళెమంత తడి. అది నా ఊపిరి. రెండింటినీ మార్చి మార్చి చూశాను. తేడా లేదు.

ఆ తర్వాత నాలుగుసార్లు డబ్బా మూసి చూశాను. నాలుగుసార్లూ అదే మూల, అదే ఎత్తు.

భయం వేయలేదు. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. బస్సు తెచ్చిన పేపరును ఆ మూల బయట, ఇనుముకు వీపు ఆనించి కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను. పప్పులో ఉప్పు ఎక్కువైన రోజున అది కూడా చెప్పాను. నాలుగు నెలలు ఆ దారిన పోయే ఏ మనిషితోనూ అన్ని మాటలు మాట్లాడలేదు.

కార్తీకంలో ప్రొద్దుటూరు నుంచి దస్తగిరి అనే ఇనుప పనివాడు ఏదో పనిమీద వచ్చి, డబ్బా చుట్టూ తిరిగి నన్ను మందలించాడు.

"ఇనప పెట్టెకైనా ఊపిరి ఆడాల సామీ. ఈ పక్క కింద ఒక బొక్క, ఆ పక్క పైన ఒక బొక్క. కింద సల్లగాలి దూరుతాది, లోపలి ఉబ్బ పైనుంచి పోతాది. ఇంగ తడి అనేదే ఉండదు."

ఇంక తడి ఉండదన్న మాట నాకు సూదిలా గుచ్చుకుంది. చూద్దాంలే అన్నాను. మళ్ళీ అడిగితే పై అధికారుల అనుమతి రాలేదన్నాను. అది అబద్ధం, నేను అసలు అడగనేలేదు. ఇంతలో కొత్త విత్తనం వస్తున్నదని కబురొచ్చింది. విత్తనం అడిగిన రైతుల జాబితాలో ఓబులేసు పేరు మొదటే ఉంది. ఆ పేరు చూశాక నాకు సాకులు మిగలలేదు. దస్తగిరికి కబురు పెట్టాను.

ఒక్కరోజులో పని అయిపోయింది. వాన పడకుండా రంధ్రాలమీద రేకులు వంచి పెట్టాడు, ఎలుకలు దూరకుండా జల్లెడ బిగించాడు. కింది రంధ్రం దగ్గర నూలుపోగు పట్టుకుంటే మెల్లగా లోపలికి ఊగింది. చూసినారా సామీ అని నవ్వాడు. బాగుందన్నాను. మర్నాడు పొద్దున దక్షిణపు మూల గోడ నిమిరి చూశాను. పొడిగా ఉంది.

ఆ యేడు మూటల్లో ఒక్క కాయకూ బూజు పట్టలేదు. ఆషాఢంలో ఓబులేసు పనిగట్టుకుని బస్సెక్కి వచ్చాడు. "అంతా మొలిసినాయి సామీ, ఒక్క సాలు తప్పలే" అన్నాడు. నేను చేసింది న్యాయమేనని ఆ రోజు నాకు గట్టిగా అనిపించింది.

అతణ్ణి బస్సెక్కించి వచ్చి, ఖాళీ డబ్బాలో కొత్త సున్నపు రాళ్ళు పెట్టాను. రెండు రంధ్రాల్లో గోనెపట్టలు కుక్కాను. తలుపు సందుల మీద కాగితాలు అతికించాను. పదిరోజులు ఆగాను. ఆ పదిరోజులూ పేపరు పైకే చదివాను.

తెరిచేసరికి గోడ ఎండి ఉంది. రాళ్ళు పెట్టినవి పెట్టినట్టే గట్టిగా ఉన్నాయి.

ఆ తడి ఎక్కడిదో చదువుకున్నవాళ్ళను చాలామందిని అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు, నాకూ అంతుపట్టలేదు. ఆ రోజు మాత్రం ఆ మూలలో కూర్చుని, అమ్మానాయనలు పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చాను. ఎవరికోసం ఏడ్చానో ఇప్పటికీ తెలియదు.