తిప్పి పెట్టిన వాకిలి

ఈ సంగతి ఇప్పుడే రాసిపెట్టకపోతే కొన్నేళ్లకు తప్పుడు కథ మిగులుతుంది. తమ్ముడికి సంబంధం కుదిరినప్పటి నుంచి అమ్మ, "ఆ పొద్దు ఆమెను పిలిచింది నేనేనేమోలే" అనడం మొదలుపెట్టింది. అంతకుముందు తాను పిలవలేదనే గట్టిగా చెప్పేది. ఇంట్లో ఎవరిదో తెలియని గొంతు వినపడిందని పొక్కితే పిల్లనిచ్చేవాళ్లు వెనక్కి పోతారని ఆమె భయం. నేనది తప్పుపట్టను. కాని ఆ మధ్యాహ్నం తమ్ముడు ఊళ్లో లేడు, ఇంట్లో నలుగురం ఉన్నాం. జేజి, అంటే నాయనను కన్న తల్లి, ఇప్పుడు లేదు. అమ్మ మాట మారింది. ఇక నాయన, నేను. నాయన రాసే మనిషి కాదు.

నేను బడికి పోయింది ఐదో తరగతి దాకానే. ఆ తర్వాత నా చదువంతా కళ్యాణదుర్గం నుంచి నాయన సంచిలో చింతపండు పక్కన పడి వచ్చింది. అట్టలకు మరకలు చేస్తున్నావని గ్రంథాలయంలో ఆయన్ను కసిరేవారు. అయినా ఆ బీరువాల్లో నేను చదవని అర లేదు. చరిత్ర పుస్తకాల్లో కోటలున్నాయి, కోట గుమ్మాలున్నాయి, ఏ గుమ్మం ఏ దిక్కుకు పెట్టారో ఉంది. మాలాంటివాళ్ల మట్టిమిద్దె సంగతి ఒక్కదానిలోనూ లేదు. కాబట్టి మా ఇంటి చరిత్ర నేనే రాస్తున్నాను.

ఇల్లు కట్టించింది తాత. రాళ్లూ బురదమట్టీ గోడలు. పైన దూలాలు, వాటి మీద వేపకొమ్మలు, ఆ పైన చవుడు మట్టి. నడిమింటి కప్పులో గవాక్షి ఒక్కటే వెలుగు వచ్చే దారి. మా వైపు రాయికి కొదవ లేదు, చెక్కకే కరువు. ఇల్లు వదిలి పోయేవాళ్లు దూలాలూ తలుపులూ పీకి బండి మీద వేసుకుని పోతారు. మా వాకిలి కూడా ఇంకొక ఇంటి నుంచి వచ్చిందే. అయితే అది ఎవరూ ఇచ్చింది కాదు.

మా ఊరికి కూతవేటు దూరంలో ఒక పాడూరు ఉంది. జేజి కాపురానికి రాకముందే అక్కడ గడ్డల జబ్బు వచ్చి, బతికినవాళ్లు ఊరు వదిలేశారు. దాన్ని ప్లేగు అంటారనీ, ఎలుకల వల్ల వస్తుందనీ నేను పుస్తకంలో చదివి జేజికి చెప్పాను.

"మరి ఈ ఊరికి దోవ ఆ ఎలకలకు తెలీలేదా?" అంది జేజి. "కూతేస్తే ఇనపడతాదే."

దానికి పుస్తకంలో జవాబు లేదు.

తాత ఇల్లు కట్టేనాటికి పాడూళ్లో మిద్దెలన్నీ కూలిపోయి ఉన్నాయి. ఒక ఇంటికి మాత్రం గోడలు పడిపోయినా వాకిలి నిలబడే ఉందట. పూలు చెక్కిన టేకు తలుపులు. లోపలి గడియ వేసే ఉందట. తాత పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్లి, ఆ గడియ తీసి, చట్రంతో సహా బండికెత్తించాడు. తెచ్చి మా ఇంటికి తిప్పి పెట్టించాడు. చెక్కడం ఉన్న ముఖం ఇంటి లోపలికి, గడియ ఉన్న ముఖం వీధికి.

"దీపం ఆరిన ఇంటి వాకిలి తెస్తే తిప్పే పెట్టల్ల" అనేది జేజి. "ఆ ఇంటోళ్లు వాకిలిని గుర్తుపట్టి వస్తారు గదా. ఇంట్లోకి పోతాండాం అనుకుని దాటుతారు. దాటినంక చూస్తే పూలు కనపడతాయి. పూలుండేది బయటి పక్క. అంటే వాళ్లు బయటికి వచ్చినట్టు. మళ్లీ తిరుక్కుంటారు."

"ఎంతసేపు తిరుగుతారు జేజీ?"

"యాష్టకొచ్చేదాకా, ఇసుగు పుట్టేదాకా."

ఆ తలుపులు బయటికి తెరుచుకునేవి. కొత్తగా వచ్చినవాళ్లు తోసి తోసి నిలబడిపోయేవారు. అమ్మ కొత్త కోడలిగా వచ్చిన రోజు కుడికాలు ఎత్తి పట్టుకుని తలుపు తోస్తూనే ఉందట. లోపలినుంచి జేజి, "లాగమ్మా, నీ మొగుణ్ని తోసినట్టు తొయ్యొద్దు" అందట. రాత్రిళ్లు లోపల తలుపు కడియానికి తాడు కట్టి, ఆ తాడును వాకిలికి అడ్డం పెట్టిన రోకలికి చుట్టి పడుకునేవాళ్లం. గడియ వీధిలో ఉండేది.

నాయన ఇంటిని ఒక్కసారిగా బాగుచేయలేదు. వాన కురిసి చెనిక్కాయల పంట చేతికొచ్చిన ఏడు ఒక పని. రాని ఏళ్లు ఇల్లు ఎట్లా ఉంటే అట్లా. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక మంచి ఏడు చవుడు దించి, బండల కప్పు వేయించాడు. దానితో ఇంటి తీరే మారింది. మట్టిమిద్దె మాటను తాగేసేది. బండల మిద్దె తిరిగి ఇచ్చేది. ఇంకొక ఏడు నేలకు అలుకు పోయి బండలు వచ్చాయి. తర్వాత వరసగా కరువు. మళ్లీ వాన పడ్డ ఏడు వీధి గోడకు చువ్వల కిటికీ పెట్టించాడు.

ఆ కిటికీ వచ్చేదాకా మాకు అంతుపట్టని చిక్కు ఒకటి ఉండేది. ఎండాకాలం మధ్యాహ్నం తిని నేల మీద ఒరిగేవాళ్లం. లేచి తలుపు తోస్తే రాదు. వీధివైపు గడియ పడి ఉండేది. నాయన పెరటి గోడ దూకి వచ్చి తీసేవాడు. వీధిలో ఎవరూ ఉండరు. ఆ వేళప్పుడు మా ఊళ్లో కుక్క కూడా కదలదు. గోడల నీడలు గోడల కిందికే పోయి, వీధంతా తెల్లగా, ఎవరో ఊడ్చి ఖాళీ చేసినట్టు ఉంటుంది.

ఎండకు చెక్క కుంచించుకుపోతుందనీ, గడియ పట్టు వదిలి గాలికి జారుతుందనీ నేను ఇంట్లోవాళ్లకు వివరించాను. నాయన ఒప్పుకున్నాడు. జేజి మాత్రం, "గాలి యాడుందమ్మీ?" అంది.

కిటికీ పెట్టిన ఎండాకాలంలోనే, ఒక మధ్యాహ్నం నేను దాని పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. మా అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. పక్కన ఖాళీ గంప. సంత నుంచి వస్తూ నీడకు ఆగిందనుకున్నాను. ఆమె కాసేపటికి లేచింది. తలుపు రెక్కలు దగ్గరికి చేర్చి, చప్పుడు కాకుండా గడియ వేసింది. దొంగతనంగా కాదు. పొయ్యి ఆర్పి, ఉట్టి సర్దుకుని, తన ఇంటి తలుపు వేసుకునే మనిషిలాగా వేసింది.

"ఏమవ్వా, మమ్మల్ని లోపల పెట్టి గడియ ఏస్తాండావే?" అన్నాను చువ్వల్లోంచి.

ఆమె ఉలిక్కిపడలేదు. "లోపల యాడుండారమ్మీ మీరు?" అంది. "గడియ ఉండే పక్క లోపల. నేనుండేది లోపల."

ఆమె మళ్లీ అరుగు మీద కూర్చుంది.

"ఇది మా ఇంటి వాకిలే. నాకు అప్పట్లో గడియ అందేది కాదు. మాయమ్మ ఏసేది."

తర్వాత చెప్పింది. తల్లికి చంకలో గడ్డ లేచిన రోజు ఈమెను వీధిలోకి పంపి, లోపల గడియ వేసుకుందట. తలుపు వెనకనుంచి, "నేను పిలిచినంక రా. పిలవకుండా గడప తొక్కితే కాళ్లు ఇరగ్గొడతా" అందట. పొద్దు వాలకముందే మేనమామ వచ్చి ఈమెను భుజాన వేసుకుని తన ఊరికి తీసుకుపోయాడు.

"పిలిచిందో లేదో. నేను వినపడే దూరంలో లేకపోతిని" అంది. "ఒక్కసారి ఈ వాకిట్లోంచి లోపలికి పోవల్లమ్మీ. మీ తాత తిప్పి పెట్టిపాయె. యా పక్క దాటినా బయటికే వస్తాండా."

గడియ తీసి, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మరుసటి ఏడు పంట వచ్చింది. వాకిలి కింది కొయ్యకు చెదలు పట్టాయని చట్రమంతా తీయాల్సి వచ్చింది. నాయన, "తీసినప్పుడే సరిగ్గా తిప్పి పెడదాం" అన్నాడు. "గడియ వీధిలో ఉండే ఇల్లు జిల్లా మొత్తం మీద మనదొక్కటే."

"వద్దురా" అంది జేజి.

నేను ఆ ముసలామె కోరిక చెప్పాను. జేజి చేట కింద పెట్టింది.

"పాపం, రావల్లనే ఉంటాది. కాని తిప్పితే ఆమె ఒక్కతే రాదమ్మీ."

"జబ్బుతో పోయినవాళ్లు వస్తారని ఏ పుస్తకంలోనూ లేదు జేజీ."

"పుస్తకాలు రాసినోళ్లు మన ఇంట్లో పండుకున్నారా?"

జేజి మళ్లీ చేట ఎత్తుకుంది. మరునాడు తనంతట తానే నాయనను పిలిచి, "తిప్పు" అంది. "కాని ఆమె వచ్చేటప్పుడు పొద్దు నడినెత్తిన ఉండల్ల. ఎవరి నీడ వాళ్ల కాళ్ల కిందనే ఉంటాది. ఎంతమంది వచ్చినారో తెలుస్తాది."

వడ్లాయన, అంటే వడ్రంగి, వచ్చి వాకిలి తిప్పి నిలబెట్టాడు. పూలు వీధికి వచ్చాయి. గడియ ఇంట్లోకి వచ్చింది. నేను చెప్పి ఉంచినట్టే, మళ్లీ సంత రోజు నడిమధ్యాహ్నం ముసలామె వచ్చింది. గంప అరుగు మీద పెట్టి, అమ్మ ఇచ్చిన చెంబు నీళ్లతో కాళ్లు కడుక్కుంది. మేమందరం లోపలికి వచ్చి తలుపు చేరవేశాం. జేజి స్తంభం దగ్గర, అమ్మ పొయ్యింటి వాకిట్లో, నేను తిరగలి పక్కన, నాయన పెరటి తలుపు దగ్గర నిలబడ్డాం. కిటికీ రెక్కలు మూసి ఉండటంతో ఇంట్లో గవాక్షి వెలుగు ఒక్కటే నేల మీద ఉంది.

తలుపులు లోపలికి తెరుచుకున్నాయి. మా ఇంటి తలుపులు లోపలికి రావడం చూడటం నాకదే మొదటిసారి. ఆమె గడప అవతల నిలబడింది. నీడ కాళ్ల కిందే ఉంది. ఒక్కటే ఉంది. జేజి అది చూసి ఊపిరి వదలడం నాకు వినిపించింది.

కాని ఆమె లోపలికి రాలేదు. కాలివేళ్లు గడపకు ఆనించి నిలబడిపోయింది. తల కాస్త పక్కకు వంచి వింటోంది. అప్పుడు నాకు అర్థమైంది. పిలిచేదాకా రాదు. నేను పిలుద్దామనుకున్నాను. ఆ పిలుపు నాది కాదనిపించి నోరు రాలేదు.

"రామ్మే."

గట్టిగా కాదు. చేతిలో పనుండి, తల ఎత్తకుండా పిలిచే ఆడమనిషి గొంతు. ఎడమవైపు నుంచి వచ్చింది.

ఆమె గడప దాటింది. దాటగానే ఎడమకు తిరిగింది, అక్కడ గది ఉన్నట్టు. అక్కడ కొత్తగా సున్నం కొట్టిన గోడ తప్ప ఏమీ లేదు. గోడకు అరచేయి ఆనించి నిలబడింది.

"ఆ, కడుక్కున్నా" అంది. కాస్త ఆగింది. "మామ ఇంట్లోనే." మళ్లీ ఆగింది. "తిన్నా. పెట్టినాడు."

మాకు ఒకవైపు మాటలే వినపడ్డాయి. తర్వాత ఆమె గోడకు వీపు ఆనించి, చిన్నపిల్లలాగా కాళ్లు చాపుకుని కూర్చుంది. గవాక్షి వెలుగు ఆమె పాదాల దగ్గరికి జరిగేదాకా కూర్చుని, లేచి, "పోయొస్తా" అంది. మాతో అన్నదో, గోడతో అన్నదో తెలియదు.

సాయంత్రం జేజి అమ్మతో, "పిలిచి మంచి పని చేసినావు" అంది.

"నేనా? నువ్వు గదత్తా పిలిచింది."

ఇద్దరూ నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. నాయన, "ఆడగొంతు గదా, నన్నేంటికి చూస్తారు?" అన్నాడు.

బండల కప్పు మాటను తిరిగి ఇస్తుందని ముందే చెప్పాను. ప్రతిధ్వని గురించి దొరికినవన్నీ మళ్లీ తెప్పించుకుని చదివాను. దేనిలో చూసినా ముందు ఎవరో ఒకరు మాట్లాడాలి.

ఆ తర్వాత ఆమె మా అరుగు మీద కూర్చోలేదు. సంతకు పోతూ వస్తూ మా ఇంటి ముందు నుంచే నడుస్తుంది. వాకిలి వైపు తల కూడా తిప్పదు. మధ్యాహ్నాలు వాకిలికి గడియ పడటం కూడా ఆగిపోయింది. జేజి పోయేదాకా ఎడమ గోడ కింద రోజూ చెంబుతో నీళ్లు పెట్టేది. ఇప్పుడు అమ్మ పెడుతోంది. పిలిచింది తానేనని చెబుతూనే పెడుతోంది.

పేర్లు రాయవద్దని అమ్మ అంది కాబట్టి పేర్లు లేకుండానే దండాలు చెప్పుకుంటాను. నా చదువును సంచిలో మోసిన నాయనకు. కసురుకుంటూనే అడిగిన పుస్తకమల్లా ఇచ్చిన గ్రంథాలయం ఆయనకు. వాకిలి తిప్పిన వడ్లాయనకు, తిప్పనిచ్చిన జేజికి. ఇది చదివి నా మీద కోప్పడబోయే అమ్మకు. రాసుకోనా అని అడిగితే, "రాసుకోమ్మీ, చదివేది నేనా?" అన్న ఆ ముసలామెకు.

ఎడమవైపు నుంచి పిలిచినామెకు కూడా. ఆమె పేరు కూతురిని అడిగాను. అమ్మా అని పిలవడమే తప్ప పేరు తనకు తెలియదంది.