అమ్మ చేలో గొయ్యి

కొల్లేటికి ఎగువన మాకొక చేను ఉండేది. పూర్వం కొల్లేరు అంతదాకా పరుచుకుని ఉండేదట. నీళ్లు వెనక్కి పోయాక ఆ అడుగు మెట్టులా మెరకగా మిగిలిపోయింది. పెళ్లిలో పుట్టింటివాళ్లు అమ్మకి పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను అది. మా ఇంట్లో తినే బియ్యం అక్కడివే. తొంభైల్లో చుట్టుపక్కల వరిచేలన్నీ చేపల చెరువులైపోతుంటే నాన్నగారికి కాలు నిలవలేదు. దాన్నీ తవ్విస్తానన్నారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు.

ఒక్కటే అనుమానం. అడుగున ఇసుక ఉంటే చెరువులో నీళ్లు నిలవవు. నేను అప్పుడే వ్యవసాయ కాలేజీలో చదువు ముగించి వచ్చాను. "మట్టి గురించి చదివావు కదా, చూసి చెప్పు. రేపు మిషను వస్తుంది," అన్నారు. ఎండాకాలం. ఇద్దరు కూలీలు నిలువెత్తు గొయ్యి తవ్వి గట్టున కూర్చున్నారు. అమ్మ మాకు మజ్జిగ తెచ్చి, ఇంటికి వెళ్లకుండా అక్కడే నిలబడిపోయింది. చేను పోతుందని ఆవిడకి బెంగ. పైకి అనదు. ఇసుక పడాలి దేవుడా అని నేనే లోపల మొక్కుకుంటూ గోతిలోకి దిగాను.

పై మట్టి నల్లగా, బీటలు వారి ఉంది. బీటలో నా చెయ్యి మణికట్టుదాకా దూరింది. వరి వేళ్లు చిక్కగా అల్లుకున్నాయి. దాని కింద బూడిదరంగు బంకమన్ను. కత్తితో గీస్తే సబ్బులా మెరిసింది. నిండా చిన్న చిన్న నత్తగుల్లలు, ఒకప్పటి కొల్లేటి అడుగు కదా మరి. కాస్త తీసి తీగలా చేసి వేలికి చుట్టాను. ఇసుక ఉంటే తెగాలి. తెగి చావదే!

"ఏంటే, తేల్చి చెప్పవూ?" పైనుంచి నాన్నగారు.

"ఉండండి నాన్నగారూ! కంగారు పడితే మట్టి మారుతుందా?"

నా కంగారు నాది. మూడో పొరలో పసుపు మచ్చలు కనపడగానే ప్రాణం లేచొచ్చింది. పిడికిట్లో నలిపితే గరగరలాడింది. ఇసుకే అనుకున్నాను. నీళ్లు చల్లి పిసికితే సున్నపు గుళ్లు. ఛీ! వాటి చుట్టూ మళ్లీ బంకమన్నే. అట్టడుగున నీలం కలిసిన జిగట మట్టి, కుళ్లిన తుంగ వాసన. గునపం అడిగి తీసుకుని ఇంకో మూరెడు పొడిచాను. నాలుగు మూలలా పొడిచాను. ఎక్కడా పిడికెడు ఇసుక లేదు. చెమట కళ్లలోకి కారుతోంది. పైకి చూడబుద్ధి కాలేదు.

"నీళ్లు నిలుస్తాయా, నిలవవా?"

అబద్ధం ఆడేద్దామా అనిపించింది. ఆడితే మాత్రం, రేపు ఇంకొకరిని తెచ్చి దింపుతారు.

"నిలుస్తాయండి. చుక్క కూడా కిందికి దిగదు."

నాన్నగారి మొహం వెలిగిపోయింది. "నే చెప్పలా!" అంటూ కండువా దులిపి భుజాన వేసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

"ఏం చెయ్యనమ్మా, ఇసుక లేదు," అన్నాను.

అమ్మ గొయ్యి అంచుకి వచ్చింది. "ఏవండీ, నీళ్లు నిలుస్తాయా అని మట్టిని అడిగారు, బాగానే ఉంది. చేను నాది. నన్ను అడిగారా?" అంది. తర్వాత వంగి నా వైపు చూసింది. "నువ్వైనా అడిగావుటే?"

అమ్మ కూలీల వైపు తిరిగింది.

"పూడ్చేయండి బాబూ. నల్లమట్టి పైన పడాలి."

నేనింకా గోతిలోనే ఉన్నాను.