నా వంతుకు వచ్చిన పక్షం

కాలేజీ మిమ్మల్ని వకీలును చేసిందా సార్ అని నా జూనియర్లు అప్పుడప్పుడు అడుగుతుంటారు. చేసింది. అక్కడ విన్న పాఠాల్లో సగం మరిచిపోయాను కానీ, ఒక మధ్యాహ్నం మాత్రం ఎంత ప్రయత్నించినా మరుపుకు రాదు.

తొంభైల చివర్లో మా శంషాబాద్ చుట్టూ ప్లాట్ల గోల మొదలైంది. విమానాశ్రయం వస్తుందట అన్న మాట చాయ్ హోటళ్లలో నలుగుతుండేది. తుక్కుగూడ వైపు బాపు కౌలుకు చేసే చెలక, వాన మీద పండే చేను, ఒకటి ఉండేది. నేను పుట్టకముందు నుంచీ దాన్ని దున్నుతున్నది ఆయనే. రాళ్లు ఏరి గట్టు పోసింది ఆయనా, అమ్మా. పంటలో సగం పట్టాదారుకు పోయేది. కాగితం లేదు, రసీదు లేదు, అంతా నోటిమాటే. ఆ ఏడు, అత్తాపూర్‌లో ఉండే ఆ పట్టాదారు చేను ఖాళీ చెయ్యమని కబురు పంపాడు. బాపు పైకి బెదరలేదు. "మా పిలగాడు వకీలు సదువుతుండు. ఆడు చూసుకుంటడు" అని ఊళ్లో ధీమాగా చెప్పుకుని తిరిగాడు.

సరిగ్గా అప్పుడే మా కాలేజీలో మూట్ కోర్టు పెట్టారు. కల్పించిన కేసు మీద విద్యార్థులు రెండు పక్షాలుగా వాదించే ఉత్తుత్తి కోర్టు అది. కక్షిదారుకు అర్థం కాని వాదన దేనికని, తెలుగులోనే మాట్లాడాలన్నారు మా లెక్చరరు. కాగితం లేని కౌలుదారును పట్టాదారు ఖాళీ చేయించవచ్చా అన్నది కేసు. చదువుతుంటే అది మా చేను కథే అనిపించింది. చీటీ తీస్తే నాకు పట్టాదారు పక్షం వచ్చింది.

మార్చమని బతిమాలాను. లెక్చరరు తల ఎత్తలేదు. "నచ్చిన పక్షమే వాదిస్తానంటే మీరు న్యాయవాది ఎలా అవుతారండీ?" అన్నారు. ఆ మాటకు నాకు రోషం వచ్చింది. సరే, చూపిస్తాననుకున్నాను.

ఇంట్లో సంగతంతా చెప్పాను, పక్షం కూడా. బాపు తువ్వాల భుజాన వేసుకున్నాడు. "ఏ దిక్కైతేంది? నువ్వెట్ల మాట్లాడ్తవో ఇనాలె" అని నాతో బస్సెక్కాడు.

వెనక బెంచీలో కూర్చున్నాడు. నేను లేచి మొదలుపెట్టాను. కౌలుదారుకు ఎక్కడ నొప్పి పుడుతుందో ఏ పుస్తకమూ నాకు చెప్పనక్కర్లేదు. రాత్రి అన్నం తింటూ బాపు, అమ్మ పడే భయాలన్నీ నాకు తెలుసు. వాటినే ఒక్కొక్కటిగా తీసి ముందు పెట్టాను. ఇచ్చిన పంటకు రసీదు ఏదన్నాను. కౌలు ఎన్నాళ్లకని ఎవరు రాశారన్నాను. "రాళ్లు ఏరినంత మాత్రాన నేల సొంతం కాదు" అన్నప్పుడు గదంతా చప్పట్లు కొట్టింది. బాపు అటూ ఇటూ చూసి, తనూ కొట్టాడు. నేనే గెలిచాను. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకు చేను గుర్తే లేదు.

తిరుగు బస్సు ఆరాంఘర్ దాటాక బాపు నా వైపు తిరిగాడు.

"మంచిగ మాట్లాడినవ్ బిడ్డా."

"అది ఉత్తగనే బాపు. చీటీల ఆ దిక్కు వచ్చింది."

"ఉత్తగనే అని నాకెర్క. కాని నువ్వన్నది నిజమే గద. మన తాన కాగితమేడున్నది?"

గబగబా రెండో పక్షం అందుకున్నాను. ఇన్నేళ్లు పట్టాదారు కళ్ల ముందే దున్నావు, పంట తీసుకున్నాడంటే కౌలు ఒప్పుకున్నట్టే, ఊరంతా సాక్ష్యం చెబుతుంది, చట్టంలో మనకూ దారి ఉంది అని గగన్‌పహాడ్ దాకా ఆపకుండా వాదించాను. ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. కాలేజీలో కంటే బాగా మాట్లాడానేమో కూడా.

బాపు శ్రద్ధగా విన్నాడు. "గీ మాటలన్ని ఆడ ఎందుకు జెప్పలే?"

"ఆడ నా వంతు ఆ దిక్కుండె బాపు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "నా దిక్కు మాట్లాడేటందుకు గూడ నీకు వంతు రావాల్నా?"

కోపంతో అనలేదు. నిజంగానే అడిగాడు. కోప్పడి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మర్నాడు ఆయన అత్తాపూర్ పోయి, ఆ ఏటి ఆముదాల పంట ఇంటికి రాగానే చేను విడిచిపెడతానని చెప్పి వచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. కేసు వేద్దాం, మంచి వకీలును పెడదాం, నేను పక్కనే ఉంటానని కాళ్లావేళ్లా పడ్డాను. అమ్మ కూడా చెప్పి చూసింది. ఆయన బీడీ ఆర్పి, నా తల మీద చెయ్యి వేశాడు.

"రాళ్లు ఏరితె నేల మనది గాదని నీ నోట ఇన్న. నువ్వన్నవు గావట్టి తట్టుకున్న బిడ్డా. ఇగ గదే మాట పరాయోని నోట ఇనుడు నాతోని గాదు."