నాన్న చేతి లావు అక్షరాలు

మాచర్ల నుంచి నాపరాళ్లు మోసే లారీల మీద మా నాన్న రాసిన అక్షరాలు ముప్పై ఏళ్లు ఊళ్లు తిరిగాయి. లావుగా, గుండ్రంగా, ఎక్కడా మూల అనేదే లేకుండా, పెళ్లిభోజనం చేసి కూర్చున్నట్టు ఉండేవి. ఆ అక్షరాన్ని చూసి, ఎదురొచ్చే లారీ మీద రాసిందెవరో డ్రైవర్లు దూరం నుంచే చెప్పేసేవాళ్లు. నా నోటితో నేను చెబితే గొప్పలంటారు. అనుకోనివ్వండి.

స్టిక్కర్లు, ఫ్లెక్సీలు వచ్చి ఆయన పని పోయింది. ఆ తర్వాత చేతులు వణకడం మొదలైంది. నరసరావుపేటలో ఇంట్లో కూర్చుని, వీధిలో కనబడ్డ ప్రతి ఫ్లెక్సీనీ తిట్టడమే పనిగా పెట్టుకున్నాడు. నేను చేసే ఉద్యోగమేమో కంప్యూటర్లో ఫాంట్లు తయారుచేయడం. అంత చక్కటి అక్షరాలను ఆయనతోనే పోనివ్వకూడదనిపించింది. వాటిని ఫాంటుగా చేసి తీరాలనుకున్నాను.

సెలవు పెట్టి లారీ షెడ్లన్నీ తిరిగాను. ఫోటోలు తీసి, వాటి మీదే గీతలు గీసి, మొత్తం అక్షరమాల తయారుచేశాను. ప్రింటు తీసి నాన్న చేతిలో పెట్టి, మెచ్చుకుంటాడని ఎదురుగా కూర్చున్నాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నా చెయ్యి కాదమ్మాయ్," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నువ్వు రాసిన లారీలే కదా అని గట్టిగానే అడిగాను. ఆయన నింపాదిగా చెప్పాడు. ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళ్లే ముందు లారీకి మళ్లీ రంగు వేయిస్తారు. దొరికిన పెయింటరెవరో పాత అక్షరం మీదే దిద్దుతాడు. అలా దిద్దిన ప్రతిసారీ గీత కాస్త లోపలికి జరిగి, అక్షరం మధ్య ఖాళీ పూడుకుపోతుంది. నాన్న అక్షరాలనుకుని నేను ఎత్తి రాసింది ఊరూరి పెయింటర్ల దిద్దుళ్లను! ఇంత చదివి, ఇదే పని చేస్తూ, నాకా సంగతి తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ముందు అక్షరం ఒళ్లు గీస్తే ఎట్టా? లోపలి ఖాళీ ముందు పెట్టుకో. దాని చుట్టూ రంగు ఎయ్యి. బస్సులో పొయ్యేవోడికి ముందు కనపడేది ఆ ఖాళీయే."

గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. చెయ్యి వణికింది గానీ ఖాళీ పడాల్సిన చోటే పడింది. చేసిందంతా తీసి అవతల పారేసి, మొదటినుంచీ గీశాను. నేను చూపించడం, ఆయన తల అడ్డంగా ఊపడం, నేను గొణుక్కుంటూ మళ్లీ గీయడం. ఆరు నెలలు నన్ను కాల్చుకుతిన్నాడు. ఎంత లావు అక్షరానికైనా ఊపిరాడాలని నేర్చుకున్నది మాత్రం ఆయన దగ్గరే.

ఈమధ్య చిలకలూరిపేటలో ఒక పత్తి మిల్లు వాళ్లు గేటు పక్క గోడకి పెట్టిన బోర్డు మీద మా ఫాంటు వాడారు. నాన్నను తీసుకెళ్లాను. రోడ్డుకి అవతల నిలబడి ఒకసారి, దగ్గరికొచ్చి ఒకసారి చూశాడు. లోపలికెళ్లి మిల్లు ఆయన్ని ఏదో అడిగొచ్చి, వెంట తెచ్చుకున్న సంచీలోంచి సన్న బ్రష్షూ ఎర్రరంగు డబ్బా బయటికి తీశాడు. పని పూర్తయ్యాక బోర్డు కింద మూలన పెయింటరు తన పేరు రాసుకోవడం ఆ వృత్తిలో ఆచారం. ఇన్నాళ్లకు మళ్లీ తన పేరు రాసుకుంటున్నాడని, ఫోటో తీద్దామని నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, వంగి, ఒక్కో అక్షరమే రాశాడు. వంకరగా వచ్చింది. రాసింది నా పేరు. హైవే మీద లారీలన్నీ పోతుంటే, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చాను.